పునాది నుంచి స్లాబు దాకా: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈ శీర్షికకు మామూలుగా ఇల్లు కట్టుకునేవాళ్లు రాస్తుంటారు. ఈసారి పేదలకు ఇళ్లు కట్టించే స్వచ్ఛంద సంస్థల ఉద్యోగులే ఎక్కువగా రాశారు. ఇంజనీరు, స్టోర్ కీపరు, అకౌంటెంటు, ఊళ్లు తిరిగే కార్యకర్త... ఒక్కొక్కరి ఇబ్బంది ఒక్కో తీరు. అందుకే ఈ నెల చోటంతా వాళ్లకే ఇచ్చాం.

ప్రశ్న: డిప్లొమా సివిల్ పూర్తిచేశాను. ఇళ్లు కట్టించే ఒక ట్రస్టులో ఫీల్డ్ ఇంజనీరు ఉద్యోగం వచ్చింది. కాంట్రాక్టరు దగ్గర ఆరు నెలలు చేసిన అనుభవం ఉంది. ఇక్కడ పని ఎలా ఉంటుంది? ముందు ఏం నేర్చుకోవాలి?
— ఓ పాఠకుడు, కల్యాణదుర్గం

కాంట్రాక్టరు దగ్గర మీకు ఒకే సైటు. ఇక్కడ మాత్రం ఊరికి నాలుగు ఇళ్లు, ఊళ్లు పది, వాటన్నిటికీ మీరొక్కరే. మీరు లేనప్పుడు పని చూసేది ఇంటావిడే. కాబట్టి ఏది చూడాలో ఆవిడకు నేర్పడం కూడా మీ ఉద్యోగంలో భాగమనుకోండి. మేస్త్రీ మీ జీతగాడు కాదు, చాలాచోట్ల ఆ ఇంటివాళ్లు కుదుర్చుకున్నవాడే. గదమాయిస్తే మర్నాడు పనిలోకే రాడు. కొలిచి చూపించండి, వింటాడు.

బండిలో ఎప్పుడూ ఉండాల్సినవి: 30 మీటర్ల టేపు, గుండు, రసమట్టం, మూలమట్టం, 15 మీటర్ల పారదర్శక ప్లాస్టిక్ ట్యూబు. ఆ ట్యూబులో నీళ్లు నింపాక గాలి బుడగ ఒక్కటున్నా లెవెల్ తప్పు చూపిస్తుంది. రెండు చివరలూ పక్కపక్కన పెట్టి నీళ్లు ఒకే ఎత్తున నిలిచాయో లేదో చూశాకే గుర్తు పెట్టండి.

మీరు తప్పనిసరిగా నిలబడాల్సిన రోజులు మూడు. మిగతా రోజుల్లో ఫోనులో ఫొటోలు తెప్పించుకున్నా నడుస్తుంది.

ఒకటి, ముగ్గు పోసే రోజు. మూల సరిగ్గా లంబంగా తిరిగిందో లేదో 3-4-5 లెక్కతో (రెండు పక్కలు 3, 4 అయితే ఏటవాలు కొలత 5 రావాలి) చూస్తారు కదా, 3 అడుగుల కొలతలో అరంగుళం తప్పు కంటికి ఆనదు. 6, 8, 10 అడుగులతో చూడండి. తర్వాత మూల నుంచి మూలకు రెండు వైపులా టేపు పట్టాలి. రెండూ సమానంగా రాకపోతే ముగ్గు చెరిపి మళ్లీ పోయించండి. ముగ్గు దగ్గర మొహమాటపడితే స్లాబుకు సెంట్రింగ్ పలకలు (కాంక్రీటు పోయడానికి కింద అమర్చేవి) వేసేటప్పుడు ఒక మూల చాలదు, ఇంకో మూల బయటికి పొడుచుకొస్తుంది.

రెండు, పునాది తవ్వకం పూర్తయిన రోజు. ఎర్ర గరుసు నేలైతే బెంగలేదు. నల్లరేగడి అయితే ఎండాకాలంలోనే స్థలానికి వెళ్లి, నెర్రెల్లోకి సన్నని కడ్డీ దింపి అది ఎంత లోతు పోతుందో చూడండి. పునాది ఆ లోతు దాటి కిందికి పోవాలి. రేగడి వానకు ఉబ్బి ఎండకు కుంచించుకుపోతుంది. మధ్యలో ఆగిన పునాదిని తనతో పాటే ఎత్తి దించుతుంది, కిటికీ మూలల నుంచి ఏటవాలు పగుళ్లు వచ్చేది అందుకే. తవ్విన రేగడినే మళ్లీ కందకంలోకీ బేస్‌మెంట్‌లోకీ నింపేస్తారు, ఊరికే దొరికిన మట్టి కదా అని. ఒప్పుకోవద్దు. గరుసో ఇసుకో పోయించి, 6 అంగుళాల పొరలుగా తడిపి దిమ్మిస కొట్టించండి. బేస్‌మెంట్ మీద ఇంటి చుట్టూ తెగకుండా కాంక్రీటు బెల్టు ఉండాలి. ఇల్లయ్యాక చుట్టూ 3 అడుగుల వెడల్పున, బయటికి వాలుగా గచ్చు చేయిస్తే వాననీరు పునాది వైపు రాదు. డబ్బు చాలనప్పుడు ముందుగా కోతపడేది ఈ గచ్చుకే, పగుళ్లూ ఆ ఇళ్లలోనే ముందు కనిపిస్తాయి.

మూడు, స్లాబు రోజు. కడ్డీల కింద, అవి పలకకు ఆనకుండా ఎత్తి ఉంచే 20 మిల్లీమీటర్ల కవరు బిళ్లలు ఉన్నాయా, తొక్కిడికి పై కడ్డీలు కిందికి దిగిపోయాయా, నీళ్లు ఎన్ని పోస్తున్నారు? ఈ మూడూ చూడండి. సిమెంటు బస్తాకు 25 నుంచి 27 లీటర్ల నీళ్లు చాలు. జారుడుగా ఉంటే పని తేలికని మిల్లరు దగ్గర కుర్రాడు ఇంకో బకెట్ పోసేస్తాడు. స్లాబు కారడం మొదలయ్యేది ఆ బకెట్‌తోనే.

ప్రశ్న: మా సంస్థ ఇందిరమ్మ ఇళ్లు వచ్చిన కుటుంబాలకు సాయం చేస్తోంది. నేను ఊళ్లో కార్యకర్తను. ఒక అక్క వాళ్ల బేస్‌మెంట్ అయి నెల దాటినా బిల్లు పడలేదు. మేస్త్రీ డబ్బులడుగుతున్నాడు. నూటికి మూడు రూపాయల వడ్డీకి లక్ష తెస్తామంటున్నారు. ఏం చెప్పాలి?
— ఓ పాఠకురాలు, వనపర్తి జిల్లా

ముందు ఆ అప్పు ఆపించండి. నూటికి మూడంటే లక్షకు నెలకు 3,000. ఆర్నెల్లు సాగితే 18,000 వడ్డీకే పోతుంది. చిన్న ఇంటికి తలుపులూ కిటికీలూ వచ్చే డబ్బది.

బిల్లు ఆగడానికి కారణాలు తిప్పితిప్పి నాలుగే. ఈ వరుసలోనే చూడండి.

మొదటిది కొలత. ఈ పథకంలో ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గకూడదు, 600 దాటకూడదు. 'ఎలాగూ కడుతున్నాం, ఇంకో గది కలుపుదాం' అని పునాది పెంచేసినవాళ్లకు మొదటి బిల్లు దగ్గరే ఆగిపోతుంది. టేపు తీసుకెళ్లి మీరే కొలవండి. నిజంగా దాటిపోయి ఉంటే పై పని ఆపి, ఏం చేయాలో హౌసింగ్ ఏఈని (అసిస్టెంట్ ఇంజనీరును) అడగండి. గోడలు లేచాక సర్దడం కష్టం.

రెండోది ఫొటో. మంజూరైన స్థలం ఒకటి, కట్టింది అన్నదమ్ముల భాగంలో ఇంకొకటి అయితే ఫొటోలు ఎక్కించే యాప్‌లో పొంతన కుదరదు. పంచాయతీ కార్యదర్శి ఫొటో ఎక్కించారా, ఏఈ దగ్గర పెండింగ్ ఉందా అని తేదీలతో సహా అడిగి రాసుకోండి. "చూస్తాం" అన్న మాటతో తిరిగి రావద్దు.

మూడోది పేరు. ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు, పాసుబుక్కులో అత్తింటి ఇంటిపేరు, మంజూరు కాగితంలో ఇంటిపేరే లేదు. మన ఊళ్లలో ఇది ఇంటింటి కథ. ముందు ఆధార్ సరిచేయించి, దాన్నిబట్టి బ్యాంకులో మార్పించండి. రెండూ ఒకేసారి మొదలుపెడితే రెండుచోట్లా రెండో కాగితం అడుగుతారు.

నాలుగోది ఖాతా. దీన్ని చాలామంది చివరిదాకా చూడరు. ఆధార్ ఆధారంగా వేసే డబ్బు మనం దరఖాస్తులో రాసిన ఖాతాకు పోదు, చివరిసారి ఆధార్ సీడింగ్ చేసిన (ఆధార్ నంబరుతో ముడిపెట్టిన) ఖాతాకు పోతుంది. ఎప్పుడో గ్యాస్ సబ్సిడీ కోసమో ఫోను సిమ్ముతో పాటో తెరిచిన ఖాతాలో డబ్బు పడి ఉండొచ్చు. మైఆధార్ సైటులో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ చూస్తే ఏ బ్యాంకో చెబుతుంది. ఆ అక్క ఫోనుకు ఓటీపీ వస్తుంది కాబట్టి పక్కన ఆమె ఉండాలి.

ఇక మేస్త్రీ సంగతి. నోటిమాట ఒప్పందాలు మానిపించి, ఏ దశకు ఎంతో ఒక తెల్లకాగితం మీద రాయించి ఇద్దరితో సంతకాలు పెట్టించండి. బిల్లు దశలూ కూలి దశలూ ఒకదానికొకటి అతికేలా ఉండాలి. బేస్‌మెంట్‌కు అడ్వాన్సుగా ఎక్కువ లాగేసుకున్న మేస్త్రీకి గోడల మీద మనసుండదు. మధ్యలో డబ్బు తప్పదనుకుంటే మహిళా సంఘం ద్వారా స్త్రీనిధి రుణం గానీ బ్యాంకు లింకేజీ రుణం గానీ అడగడం మేలు. మీ సంస్థ తిరిగే నిధి ఏదైనా పెట్టుకుంటే నగదు చేతికివ్వకండి, సిమెంటూ ఇనుమూ కొని ఇవ్వండి. ఇల్లు కడుతున్నప్పుడు ఇంట్లో ఉన్న నగదుకు పెళ్లీ జబ్బూ ఫీజూ అన్నీ ఒకేసారి గుర్తొస్తాయి.

ప్రశ్న: మా సంస్థ ఇల్లు ఆడవాళ్ల పేరునే కావాలంటోంది. ఒక ఇంట్లో స్థలం మామగారి పేరున ఉంది. ఆయన ససేమిరా అంటున్నారు. నచ్చజెప్పేదెలా?
— ఓ పాఠకుడు, ఏలూరు జిల్లా

ఈ షరతు మీ సంస్థ ఒక్కదానిదే కాదు. అనంతపురంలో 1969 నుంచి పనిచేస్తున్న రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు కట్టించే ఇళ్లు ఇల్లాలి పేరునే ఉంటాయి. ప్రధానమంత్రి ఆవాస్ గ్రామీణ్‌లో కూడా భార్య పేరున లేదా ఇద్దరి పేరునా మంజూరు చేస్తారు. భార్య లేనివాళ్లకూ పెళ్లికానివాళ్లకూ మినహాయింపు ఉంది. మామగారి భయం వేరు: 'కోడలు రేపు వెళ్లిపోతే?' అని. దానికి ఉపన్యాసం పనిచేయదు. కొడుకూ కోడలూ ఇద్దరి పేరునా రాయించడం నడిమధ్య దారి. సొంత పట్టా భూమైతే కుటుంబ సభ్యులకు దాన సెటిల్‌మెంట్ రాయవచ్చు, అమ్మకం కంటే స్టాంపు ఖర్చు తక్కువ. ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ స్థలమైతే అలాంటి స్థలాల బదిలీని నిషేధించే 1977 చట్టం అడ్డొస్తుంది, ఇష్టమొచ్చినట్టు రాసివ్వడం కుదరదు. ముందు తహసీల్దారు కార్యాలయంలో ఆ స్థలం రకం తెలుసుకున్నాకే ఆ ఇంటి గడప తొక్కండి.

ప్రశ్న: నేను స్టోరు చూస్తాను. ఒకే ప్లాను ఇళ్లు, అయినా ఒక స్లాబుకు 24 బస్తాలు, ఇంకోదానికి 30 బస్తాలు పోతున్నాయి. నన్ను అనుమానిస్తున్నారు. లెక్క ఎలా కట్టాలి?
— ఓ పాఠకుడు, ప్రకాశం జిల్లా

20 అడుగులు × 16 అడుగుల స్లాబు అనుకుందాం. మందం 4 అంగుళాలు, అంటే అడుగులో మూడో వంతు. 320 చదరపు అడుగులను మూడుతో భాగిస్తే దాదాపు 107 ఘనపుటడుగులు, అంటే 3 ఘనపు మీటర్లు. 1:1½:3 పాళ్లలో (సిమెంటు, ఇసుక, కంకర) ఘనపు మీటరుకు 8 బస్తాల చొప్పున 24 బస్తాలు. ఒక బస్తా 1.25 ఘనపుటడుగులు కాబట్టి ఇసుక 45, కంకర 90 ఘనపుటడుగులు. దూలాలుంటే వాటిది విడిగా కలుపుకోండి.

మరి 30 ఎందుకయ్యాయి? దొంగతనం కంటే ముందు మందం చూడండి. 24 బస్తాల స్లాబు 5 అంగుళాలైతే సరిగ్గా 30 అవుతుంది. సెంట్రింగ్ పలకలు మధ్యలో కుంగినా, మేస్త్రీ కంటిచూపుతో మట్టం చేసినా అంగుళం ఇట్టే పెరుగుతుంది. 4 అంగుళాల దగ్గర గుర్తు పెట్టిన పుల్లతో, పోస్తుండగానే పదిచోట్ల గుచ్చి చూడమనండి.

రెండో అనుమానం ఇసుక మీద. తడి ఇసుక ఉబ్బుతుంది. నాలుగైదు శాతం చెమ్మ ఉన్నప్పుడు పావు వంతుకు పైగా కూడా పెరుగుతుంది. గమేళాలు లెక్కపెట్టి కలిపితే తడి రోజున లోపలికి పోయే అసలు ఇసుక తక్కువ, వచ్చే కాంక్రీటూ తక్కువ, దాంతో బస్తాలు ఎక్కువ పడతాయి. గమేళాల లెక్క మాన్పించి లోపలి కొలత 35 × 25 × 40 సెంటీమీటర్ల చెక్కపెట్టె చేయించండి. అది 35 లీటర్లు, ఒక సిమెంటు బస్తా అంత. ఇసుక ఒకటిన్నర పెట్టె, కంకర మూడు పెట్టెలు. సీసాలో సగం పైదాకా ఇసుక పోసి, అది మునిగేదాకా నీళ్లు పోసి కదిపితే ఎంత దిగిందో కనిపిస్తుంది. ఆ దిగినంత మేర పెట్టెలో ఎక్కువ పోయాలి.

మీ గోడౌనులోనూ ఒకటి చూసుకోండి. బస్తాలు పలకల మీద, గోడకు అడుగు దూరంలో, పదికి మించకుండా ఎత్తున పేర్చాలి. ముందొచ్చింది ముందు పోవాలి. మూడు నెలలు నిలవైన సిమెంటు బలం దాదాపు ఐదో వంతు తగ్గిపోతుంది. గడ్డకట్టిన బస్తా చిదిపి వాడొద్దు.

ఇనుము దిగేటప్పుడు కడ్డీలు లెక్కపెట్టి ఊరుకుంటే మోసపోతారు. వ్యాసాన్ని దాంతోనే గుణించి 162తో భాగిస్తే మీటరుకు కిలోలు వస్తాయి. 8 మిల్లీమీటర్లది 12 మీటర్ల కడ్డీ 4.74 కిలోలు తూగాలి. ప్రమాణాల ప్రకారం ఈ సైజుకు 7 శాతం తేడా చెల్లుతుంది, అంటే 4.4 దాకా సరే. అంతకంటే తగ్గితే వెనక్కి పంపండి. పది కడ్డీలు కట్టగా తూచండి, ఒక్కటే తూస్తే తూకంలో తేడా దాగిపోతుంది. చలానా వెనకే తూకం రాసి డ్రైవరు సంతకం పెట్టించుకుంటే మీ మీద అనుమానం దానంతటదే పోతుంది.

ప్రశ్న: నేను సంస్థలో అకౌంటెంటును. విదేశీ విరాళం, కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్‌ఆర్ డబ్బు, స్థానిక విరాళాలు మూడూ ఒకే కాలనీలో ఖర్చవుతున్నాయి. మేస్త్రీలు నగదే అడుగుతున్నారు. ఎక్కడ జాగ్రత్తపడాలి?
— ఓ పాఠకురాలు, విజయవాడ

కాలనీ ఒకటైనా ఇళ్లు విడదీయండి. ఏ ఇల్లు ఏ డబ్బుతో కట్టిందో మొదటి వోచరు నుంచే రాసి ఉండాలి. ఒకే లోడు సిమెంటు రెండు ఖాతాల ఇళ్లకు పంచితే రెండు బిల్లులు తీసుకోండి. చివర్లో జర్నల్ ఎంట్రీతో సర్దుదామంటే, అక్కడే ఆడిటరు వేలు పెడతాడు.

విదేశీ విరాళం మొదట ఢిల్లీ ఎస్‌బీఐ ప్రధాన శాఖలో విదేశీ విరాళాల చట్టం కింద తెరిచిన ఎఫ్‌సీఆర్‌ఏ ఖాతాలోనే పడాలి. అక్కడి నుంచి మీ ఊళ్లోని వినియోగ ఖాతాకు తెచ్చుకోవచ్చు, కానీ ఆ ఖాతాలో స్థానిక డబ్బు ఒక్క రూపాయి కలవకూడదు. 2020 సవరణ తర్వాత ఆ డబ్బును ఇంకో సంస్థకు ఇవ్వడం కుదరదు, పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు. ఇక్కడే సైటు ఇంజనీరు జీతం ఎటు రాయాలన్న తగువు వస్తుంది. ఆశయం కోసం నేరుగా చేసే ఖర్చు పరిపాలన కిందికి రాదని నిబంధనల్లోనే ఉంది. ఆసుపత్రి డాక్టరూ బడి టీచరూ అందులోని ఉదాహరణలు. ఇళ్లు కట్టించే సంస్థకు ఇంజనీరూ అంతే. కాకపోతే ఆయన ఏ రోజు ఏ ఊళ్లో ఉన్నాడో డైరీ ఉంటేనే ఆ వాదన నిలుస్తుంది. ఫీల్డువాళ్లు డైరీ రాయరని మీరు విసుక్కుంటారు, నిజమే, అయినా వదలొద్దు. ఎఫ్‌సీ-4 అనే వార్షిక లెక్కల రిటర్ను డిసెంబర్ 31లోగా వేయాలి.

సీఎస్‌ఆర్‌లో అందరూ పొరబడే మాట ఒకటుంది. 5 శాతం పరిపాలన పరిమితి కంపెనీ సొంత ఖర్చుకు సంబంధించింది, మీది కాదు. ఒప్పందం రాసేటప్పుడే మీ సిబ్బంది జీతాలు ప్రాజెక్టు ఖర్చుగా విడిగా చూపించండి. 'ఇంటికింత' అని ఒకే అంకె రాసిస్తే కార్యకర్త జీతం ఎక్కడి నుంచి తేవాలో మీకే తెలియకుండా పోతుంది.

నగదు: ఒక మనిషికి ఒక రోజులో 10,000 దాటి నగదు ఇస్తే ఆదాయపు పన్ను లెక్కలో ఆ ఖర్చు చెల్లదు. 6,000, 7,000 అని రెండు వోచర్లు రాసినా ఆ రోజు మొత్తమే చూస్తారు. మేస్త్రీకి ఒకే ఒప్పందంలో 30,000 దాటితే 1 శాతం టీడీఎస్ (చెల్లించేటప్పుడే కోసే పన్ను) పట్టాలి, పాన్ లేకపోతే 20 శాతం. పాన్ తీయించాకే పని మొదలుపెట్టించండి. ముగ్గు పోసిన రోజున సంతోషంగా ఇచ్చేవాడు, బిల్లు రోజున ఇవ్వడు.

ప్రశ్న: మావారికి హెచ్-1బీ (ఉద్యోగ వీసా), నాది హెచ్-4 (వాళ్ల భార్యలకిచ్చే వీసా). డాలస్ దగ్గర ఉంటాం. ఇక్కడ తక్కువ అద్దె ఇళ్లు నడిపే లాభాపేక్ష లేని సంస్థలో పనిచేయాలనుంది. స్వచ్ఛందంగా చేయొచ్చా? ఉద్యోగమైతే ఏం తెలిసుండాలి?
— ఓ పాఠకురాలు, టెక్సస్

హ్యాబిటాట్ ఫర్ హ్యుమానిటీ లాంటి చోట శనివారం గోడలకు రంగులు వేయడం, కట్టడంలో చేయి వేయడం అందరూ ఊరికే చేసే పని, ఇబ్బంది లేదు. 16 ఏళ్ల లోపు పిల్లల్ని కట్టే సైటులోకి రానివ్వరు. కానీ ఇంకొకరికి జీతమిచ్చి చేయించే ఆఫీసు పనిని 'ఊరికే చేస్తాను' అని చేస్తే వీసాకు ముప్పు. ఈఏడీ (పని చేసుకునేందుకు ఇచ్చే అనుమతి కార్డు) వచ్చేదాకా ఆగండి. లాభాపేక్ష లేని సంస్థ కదా, హెచ్-1బీ లాటరీ ఉండదులే అని కొందరంటారు. ఆ మినహాయింపు విశ్వవిద్యాలయాలకు, వాటికి అనుబంధమైనవాటికి, పరిశోధన సంస్థలకు. ఇళ్ల సంస్థ సాధారణంగా అందులోకి రాదు.

ఉద్యోగంగా మన లెక్కలవాళ్లకు నప్పేది కంప్లయన్స్ విభాగం. 1986లో వచ్చిన పన్ను రాయితీ పథకం కింద కట్టిన అపార్ట్‌మెంట్లలో, చేరే కుటుంబం ఆదాయం పరిమితిలో ఉందో లేదో రుజువులతో ఫైలు కట్టడం ఆ పని. గడిచిన ఏడాది ఆదాయం కాదు, రాబోయే 12 నెలలది అంచనా కట్టాలి. గంటకు 18 డాలర్లు, వారానికి 40 గంటలైతే 52 వారాలకు 37,440. రెండు వారాలకోసారి వచ్చే జీతాన్ని 26తో గుణించాలి, నెలకు రెండుసార్లు వచ్చేదాన్ని 24తో. కొత్తవాళ్లు తప్పు చేసేది ఈ రెంటి మధ్యే. దాంతో అర్హత లేని కుటుంబం లోపలికొస్తే ఆ ఇంటి మీద పన్ను రాయితీ పోయే ప్రమాదం.

ఇంకో సంగతి, మీకు తెలిసిన ఎమ్మెస్ పిల్లలకు కూడా చెప్పండి. ఇంట్లో ఉండేవాళ్లంతా ఫుల్‌టైం విద్యార్థులే అయితే, ఆదాయం ఎంత తక్కువున్నా ఈ ఇళ్లకు మామూలుగా అర్హత లేదు. జాయింటుగా పన్ను రిటర్ను వేసే భార్యాభర్తల వంటి కొద్దిమందికే మినహాయింపు. నలుగురు స్నేహితులు కలిసి దరఖాస్తు రుసుము కట్టి పోగొట్టుకునేది ఇది తెలియకే.

ప్రశ్న: స్లాబు పోసి ఐదు రోజులే. సెంట్రింగ్ అద్దె పెరుగుతోందని మేస్త్రీ పోట్లు (స్లాబు కింద ఆనించిన గుంజలు) తీసేస్తానంటున్నాడు. ఇంటివాళ్లు నన్ను అడుగుతున్నారు.
— ఓ కార్యకర్త, నంద్యాల జిల్లా

తీయనివ్వద్దు. 15 అడుగుల లోపు స్లాబుకు పోట్లు కనీసం 7 రోజులు ఉండాలి, దూలాలకు 14. ఈ లెక్క సాదా సిమెంటుకు. ఇప్పుడు ఊళ్లలో దొరికేది ఎక్కువగా బూడిద కలిసిన పీపీసీ, అది నెమ్మదిగా గట్టిపడుతుంది. స్లాబుకు 10 రోజులు, చలికాలమైతే 14 ఉంచండి. పైన మడులు కట్టి పది రోజులూ నీళ్లు నిలపాలి. గోనెపట్టా వేసి పొద్దున ఒకసారి తడిపితే మధ్యాహ్నానికి ఎండిపోతుంది. తీసే రోజున మధ్యలోంచి మొదలుపెట్టి గోడల వైపు రమ్మనండి. వసారా చూరు లాంటి బయటికి వేలాడే భాగం ఉంటే అక్కడ మాత్రం కొస నుంచి గోడ వైపు రావాలి. అదనపు అద్దె ఎవరు కట్టాలన్నది ముందే ఒప్పంద కాగితంలో రాసుకుని ఉంటే ఈ ప్రశ్నే వచ్చేది కాదు. ఇప్పటికి సంస్థ కట్టి, చివరి బిల్లులో సర్దుకోండి.